అడ్డరోడ్డులో అష్టాచెమ్మా

సన్నాయి చిదంబరం కనబడితే చాలు, వేములమెట్ట అడ్డరోడ్డులో పోలీసు చెయ్యి దానంతటదే పైకి లేచేది. అందులో ఆ చెయ్యి తప్పు కూడా పెద్దగా లేదు. చిదంబరానికి చెంపల దాకా పాకిన కోరమీసాలున్నాయి. చెవులకు ఎర్రరాళ్ళ పోగులున్నాయి. ఊళ్ళో పసిపిల్లలందర్నీ నిద్ర లేపే పాత బుల్లెట్టు బండి ఉంది. వీపు మీద ఏటవాలుగా పొడుగాటి నల్లసంచి ఉంది. సంచిలో ఉన్నది సన్నాయని చిదంబరానికి తెలుసు, వెనకాల డోలును కౌగిలించుకుని కూర్చున్న బావమరిది పున్నారావుకు తెలుసు. చూసేవాళ్ళకు మాత్రం అది తుపాకి.

"ఆపు! ఏందయ్యా వీపు మీద?" అనేవాడు హెడ్డు కానిస్టేబులు కోటిలింగం.

"సన్నాయండీ."

"ఆ మాట అందరూ అంటారు."

చుట్టుపక్కల ఆ మాట అనేవాడు చిదంబరం ఒక్కడే. కానీ ఎండలో నిలబడి హెడ్డుగారితో వాదించడం ఎవరికి మంచిది?

"సన్నాయే అయితే ఊది చూపించు."

చిదంబరం బండి దిగి, తువ్వాలు పరిచి, సంచి విప్పి, పీక తడిపి, నాలుగు స్వరాలు ఊదేవాడు. "ఈ మాత్రం దొంగలు కూడా నేర్చుకుంటారు. ఇంకాస్త సాగదియ్" అనేవాడు కోటిలింగం. సాగదీసేసరికి అక్కడ పెళ్ళిపందిట్లో ముహూర్తం కాస్తా సాగిపోయేది.

ఆ శ్రావణమాసంలో ఇట్లాగే రెండు పెళ్ళిళ్ళు దాటిపోయాయి. రెండోదాంట్లో పెళ్ళికొడుకు తాళి పట్టుకుని ముడి వేయబోతుండగా అతని మేనమామ హాచ్చని తుమ్మాడు. అలాంటి తుమ్ములు ఎవరి చెవినా పడకూడదనే తాళి కట్టేటప్పుడు గట్టిమేళం వాయిస్తారు. ఆ రోజు మేళం అడ్డరోడ్డులో వాగుతోంది గనక తుమ్ము వంటశాల దాకా వినబడింది. ఆడపెళ్ళివారు విస్తళ్ళ ముందు నుంచి లేచిపోయారు.

కల్యాణమండపం యజమాని బసవపున్నయ్య చిదంబరాన్ని పిలిచి మర్యాదగానే చెప్పాడు.

"మీ నాయన కాలం నుంచీ మా మండపంలో మీదే మేళం. కాదన్ను. కానీ ఇంకొక్కసారి ఆలస్యమైందా, పెన్ డ్రైవు పెట్టేస్తా. దానికి మీసాల్లేవు. దాన్నెవడూ ఆపడు."

ఇంటికొచ్చే దారిలో పున్నారావు నోరు విప్పాడు.

"మీసాలు తీసేయరాదా బావా?"

"మీసాలు తీస్తే సంచి ఉంటది గందరా."

"సంచి లేకుండా చేత్తో పట్టుకుంటే?"

"చప్పుడు చేసే బండి మీద చేతిలో గొట్టం పట్టుకుని పోతే కాల్చేస్తార్రా ఒరే."

బాగా ఆలోచించి సోమవారంనాడు అర్జీ పట్టుకుని డీఎస్పీ ఆఫీసుకు పోయారు. అదే వాళ్ళు చేసిన పొరపాటు.

డీఎస్పీ విశ్వంభర్ గారు అప్పుడే ఏదో చల్లని కొండఊళ్ళో శిక్షణ ముగించుకుని వచ్చారు. మనిషి ఆకారం చూసి అనుమానించరాదన్నది ఆ శిక్షణ సారాంశం. దాన్ని ఎవరి మీద ప్రయోగించాలా అని ఆయన వచ్చినప్పటి నుంచీ ఎదురుచూస్తున్నారు. చిదంబరం గడపలోకి రాగానే లేచి నిలబడి నమస్కారం పెట్టారు. చిదంబరం తన వెనక ఎవరో పెద్దమనిషి ఉన్నాడేమోనని తిరిగి చూశాడు.

"నన్ను ఆపొద్దని ఒక్కమాట హెడ్డుగారికి చెబితే చాలండి బాబూ. పెళ్ళిళ్ళకు టయానికి పోతా" అన్నాడు.

డీఎస్పీ గారికి అది మరీ చిన్న కోరికగా తోచింది.

"చిదంబరం గారూ, మిమ్ములను ఆపరాదని నేను ఆదేశించినచో, అదియును మీ రూపమును చూసి ఇచ్చిన ఆదేశమే కాగలదు. కావున మిమ్ములను ఒక్కరినే విడిచిపెట్టుట వివక్ష. రుగ్మత కంటియందున్నది. చికిత్స కంటికే జరగవలెను."

"ఎవరి కంటికండీ?" అన్నాడు పున్నారావు భయపడుతూ.

మర్నాటికి తెలిసింది. రూపనిరపేక్ష నిలుపుదల విధానం అమల్లోకి వచ్చింది. తనిఖీ సిబ్బంది అందరూ విధుల్లో ఉన్నంతసేపూ కళ్ళకు నల్లగుడ్డ కట్టుకోవాలి. న్యాయదేవత ఇన్నేళ్ళుగా కట్టుకునే ఉన్నప్పుడు హెడ్డు కానిస్టేబులుకు వచ్చే ఇబ్బంది ఏమిటని ఆదేశంలో ఒక వాక్యం కూడా ఉంది.

కోటిలింగం గుడ్డ కట్టుకుని రోడ్డు మధ్యన నిలబడ్డాడు. బళ్ళు అతని చుట్టూ తిరిగి పోయాయి. మధ్యాహ్నం దగ్గరలో ఏదో వచ్చి ఊపిరి వదిలినట్టయితే చెయ్యెత్తి, "బండి పక్కన పెట్టి లైసెన్సు తియ్" అన్నాడు. అది గేదె. పాపం ఆగింది. ఆ రోజు మొత్తానికి పోలీసు మాట విని ఆగింది అదొక్కటే.

అడ్డరోడ్డులో జామకాయల బండి పెట్టుకునే నాగరత్తమ్మ నవ్వి నవ్వి కొంగు నోట్లో కుక్కుకుంది. "కోటిలింగం! ఎడంపక్కకు రా అయ్యా, కాలవలో పడతావ్!"

కానీ పాతికేళ్ళ ఉద్యోగం ఊరికే పోతుందా? కన్ను మూస్తే చెవి తెరుచుకుంది. మూడోనాడు దూరం నుంచి బుల్లెట్టు చప్పుడు వినగానే కోటిలింగం చెయ్యి మళ్ళీ లేచింది.

"ఆపు! చిదంబరమేగా? ఊదు!"

ఈ సంగతి తెలిసి డీఎస్పీ గారు నొచ్చుకున్నారు. "ధ్వనియును రూపమే" అని సెలవిచ్చారు. కోటిలింగం చెవుల్లో దూది పెట్టారు.

ఇక కోటిలింగం చేయడానికి ఏమీ లేదు. కుర్చీలో కూర్చుని గాలి ఎటు వీస్తోందో ముఖంతో పసిగడుతూ కాలం గడిపాడు. ఆ వారమంతా అడ్డరోడ్డులో ఎవర్నీ ఎవరూ ఆపలేదు. చిదంబరం ఒక పెళ్ళికి ఎంత పెందలాడే చేరాడంటే, మగపెళ్ళివారి కంటే ముందు కూర్చుని ఉప్మా తిన్నాడు. బసవపున్నయ్య ఆ ఉప్మా మీద తనే నెయ్యి వేయించాడు. అక్కడితో కథ అయిపోయి ఉంటే లోకం ఎంత బాగుండేది!

పైఆఫీసు నుంచి కబురొచ్చింది. వివక్ష లేదు, సంతోషం. తనిఖీ ఏదీ, అని.

డీఎస్పీ గారు అడ్డరోడ్డుకు వచ్చి జీపు పక్కన నిలబడి ఆలోచించారు. జామకాయల బండి నీడలో నాగరత్తమ్మ ఎదురింటావిడతో అష్టాచెమ్మా ఆడుతోంది. నాలుగు గవ్వలు గలగలమని దొర్లాయి. డీఎస్పీ గారి ముఖం వెలిగింది. గవ్వకు కన్ను లేదు, చెవి లేదు, మీసాల మీద పగ లేదు.

"యాదృచ్ఛిక ఎంపిక!" అన్నారు.

"నేనేం జెయ్యలా బాబూ, పందెం గూడా లేదు" అంది నాగరత్తమ్మ గవ్వలు కొంగులో దాచేస్తూ.

ఆమెను ఆ క్షణమే గవ్వల పరిశీలకురాలిగా నియమించారు. కోటిలింగం గవ్వలు వేస్తాడు, వేసేవాడికి అవి కనబడవు. నాగరత్తమ్మ చూసి చెబుతుంది, కానీ బండి నడిపేవాడు కనబడకుండా రోడ్డుకు వీపు పెట్టి కూర్చోవాలి. నాలుగంటే చెమ్మ, ఎనిమిదంటే అష్ట, ఆ రెంట్లో ఏది పడినా బండి ఆపాలి. ఒకటీ రెండూ మూడూ పడితే ఆపకూడదు.

ఇక్కడ చిన్న చిక్కు వచ్చింది. గవ్వలు పడి, దొర్లి, నాగరత్తమ్మ కళ్ళజోడు సర్దుకుని చెప్పేలోపల బండి పక్క ఊరు చేరుతోంది. ఆపాలా వద్దా అన్నది తేలాలంటే ముందు బండిని ఆపాలి. అందుకని రోడ్డుకు అడ్డంగా వెదురు గడ వేసి, అటు నుంచి ఇటొచ్చే మోటారు సైకిళ్ళనూ ఇటు నుంచి అటు పోయేవాటినీ అన్నిటినీ నిలబెట్టారు.

"ఇది ఆపుట కాదు. ఆపవలెనో లేదో తేల్చుటకై నిలుపుట" అని డీఎస్పీ గారు విలేకరులకు వివరించారు.

ఇంకొక చిక్కు కూడా వచ్చింది. ఆపనివాళ్ళను నిజంగానే ఆపలేదని రేపు పైవాళ్ళు అడిగితే రుజువేమిటి? దానికి గడ పక్కనే బల్ల వేశారు. గవ్వలు తప్పించిన ప్రతివాడూ అక్కడ ఆగి, మణికట్టు మీద 'ఆపబడలేదు' అని ముద్ర వేయించుకుని పోవాలి. ఆపబడినవాళ్ళ వరస చెట్టు దాకా ఉంటే, ఆపబడనివాళ్ళ వరస రైసుమిల్లు దాకా ఉండేది.

"హెడ్డుగారూ! మూడు పడ్డాయంట! నన్ను ఆపలేదు, పోతన్నా!" అని అరిచాడు చిదంబరం మొదటిరోజు.

"ఏందీ?" అన్నాడు కోటిలింగం దూది సర్దుకుంటూ.

"నన్ను ఆపలేదు!"

"అయితే ఆగు! ఆపకపోతే ఆగాల!"

"ఆపితే?"

"ఆపితే సరే, ఎట్లాగూ ఆగే ఉంటావ్ గందా!"

చిదంబరం గడను చూశాడు, వరసను చూశాడు. వెనకటి రోజుల్లో తనొక్కడే ఆలస్యమయ్యేవాడు. ఇప్పుడు జిల్లాలో సగం మంది ఆలస్యమవుతున్నారు. దీన్నే సమానత్వం అంటారు కాబోలు అనుకున్నాడు.

పులి మీద పుట్రలా డీఎస్పీ గారు పథకానికి ప్రచారం కూడా చేయించారు. అడ్డరోడ్డులో నిలువెత్తు ఫ్లెక్సీ లేచింది. దాని నిండా చిదంబరం మొహం, మీసాలతో సహా. కింద పెద్దక్షరాలు: 'ఈ ముఖమును చూసి ఆపబోము.' బండి మీద వేగంగా పోయేవాళ్ళకు ముఖం కనబడేది, కింది అక్షరాలు కనబడేవి కావు. పొరుగు మండలం వాళ్ళు ఇద్దరు చిదంబరాన్ని సంతలో చూసి పట్టుకున్నారు. ఒకడు పోలీసులకు ఫోను చేస్తే, రెండోవాడు బహుమానం ఎంతని అడిగాడు.

"బావా, నీకు ఇంత పేరు సన్నాయి మీద కూడా రాలా" అన్నాడు పున్నారావు.

ఇదంతా ఇట్లా ఉండగా మంచి ముహూర్తం ఒకటి దగ్గరికొచ్చింది. బసవపున్నయ్య మండపంలోనే పెళ్ళి. పెళ్ళికూతురు కుందన, బ్యాంకులో పనిచేస్తుంది. పెళ్ళికొడుకు ప్రణీత్, ఈ కాలపు పద్ధతిలో పాతికమంది స్నేహితులతో మోటారు సైకిళ్ళ మీద ఊరేగుతూ మండపానికి వస్తానని మొక్కుకున్నంత పట్టుదలగా ఉన్నాడు. బసవపున్నయ్య ముందురోజే చిదంబరానికి ఫోను చేశాడు.

"ఇదే ఆఖరుసారి. నువ్వు ముందుంటే మేళం. లేకపోతే నా జేబులో పెన్ డ్రైవు ఉందిగా."

చిదంబరం తెల్లారకముందే బయల్దేరాడు. అయినా అడ్డరోడ్డులో వరస రైసుమిల్లు దాటి ఉంది. పొద్దెక్కేసరికి వెనకాల ఈలలూ హారన్లూ వినిపించాయి. ప్రణీత్ బాసికం నుదుట కట్టుకుని స్నేహితులతో వచ్చి వరసలో నిలబడ్డాడు. అతని వెనక స్కూటీ మీద పురోహితుడు అవధాని గారు, కాళ్ళ దగ్గర మంగళసూత్రాల పళ్ళెంతో.

చిదంబరానికి కాస్త ప్రాణం లేచొచ్చింది. పెళ్ళికొడుకు కంటే ముందున్న మేళాన్ని ఆలస్యమని ఎవరంటారు?

తన వంతు వచ్చింది. గవ్వలు పడ్డాయి. "ఒకటి! ఆపలా!" అని కేకేసింది నాగరత్తమ్మ. చిదంబరం ముద్ర వరసలోకి మారాడు. కొన్ని బళ్ళ తరవాత ప్రణీత్.

"అష్ట!" అంది నాగరత్తమ్మ. అష్ట పడితే ఆమెకు చిన్నప్పటి నుంచీ సంతోషం. "అష్ట పడ్డది! ఆపండి వాణ్ణి!"

"మామ్మా, నేను పెళ్ళికొడుకుని!"

"నేను చూడకూడదు నాయనా. ఉద్యోగం."

మండపానికి కబురు పోయింది. కాసేపటికి గడకు అవతలివైపు ఒక స్కూటరు వచ్చి ఆగింది. పట్టుచీర బిగించి కట్టుకుని, కాళ్ళకు పారాణితో కుందన. వెనక సీటులో వాళ్ళ పిన్ని, చేతిలో జీలకర్ర బెల్లం గిన్నె.

"గడ ఎత్తండి. పెళ్ళికొడుకుని తీసుకుపోతా" అంది కుందన.

కోటిలింగానికి వినబడలేదు. వినబడకపోయినా గవ్వలు వేశాడు.

"రెండు! ఆపలా! ముద్రకు ఆగు తల్లీ!"

ఆమె వెనకాలే ఇంకో బండి ఆగి ఉంది. దాని మీద చెమటలు కక్కుతూ బసవపున్నయ్య, వెనక కట్టిన పెద్ద స్పీకరు. పెళ్ళి ఎక్కడ జరిగితే అక్కడే పాట పెట్టేద్దామని వచ్చాడు. ఆయనకు చెమ్మ పడింది.

పున్నారావు గడ మీదుగా వంగి అడిగాడు. "పెన్ డ్రైవుకు మీసాల్లేవు గందండీ, ఎందుకాపారో?"

బసవపున్నయ్య స్పీకరుకు కరెంటు యాడ దొరుకుతుందా అని చుట్టూ చూస్తున్నాడు. అడ్డరోడ్డులో కరెంటు లేదు.

అవధాని గారు గడియారం చూసి లబలబలాడారు. "ముహూర్తం దాటిపోతోందయ్యా! మళ్ళీ రెండు నెలల దాకా మూఢం!"

కుందన తల్లి ఫోనులో ఏడుపు మొదలెట్టింది. ప్రణీత్ స్నేహితులు గడ విరగ్గొడతామన్నారు. విరగ్గొడితే పెళ్ళికొడుకుని స్టేషనుకు తీసుకుపోతారని పున్నారావు భయపెట్టాడు. చిదంబరం గడ వైపు చూశాడు. ఇటు పెళ్ళికొడుకు, అటు పెళ్ళికూతురు, మధ్యన అడ్డంగా గడ. ఇలాంటిది అతను ఎన్ని వందల పెళ్ళిళ్ళలో చూశాడో! భుజం మీది తువ్వాలు తీసి గడ మీద ఆరేశాడు.

"అవధాని గారూ, అడ్డుతెర సిద్ధంగా ఉందండీ. ఇక మీదే ఆలస్యం."

అవధాని గారు ఒక్క క్షణం శాస్త్రం ఆలోచించారు. శాస్త్రంలో తెర గుడ్డదై ఉండాలని ఉంది గానీ, దాన్ని పోలీసు గడ మీద ఆరేయకూడదని ఎక్కడా లేదు. స్కూటీ దిగి మంత్రం అందుకున్నారు. తువ్వాలు మీదుగా చేతులు చాచి వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే డీఎస్పీ గారి జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. ఆయన దిగి చూస్తే రోడ్డు మీద పెళ్ళి. కోపం రావలసిన చోట ఆయనకు కన్నీళ్ళు వచ్చాయి.

"మధ్యన తెర! ఒకరి రూపము ఒకరు చూడకనే స్వీకరించుట! రూపనిరపేక్షత మన సంప్రదాయములోనే ఉన్నదయ్యా!"

"ఆర్నెల్ల నుంచి వీడియో కాల్లో చూసుకుంటానే ఉన్నారంట" అని గొణిగాడు పున్నారావు.

తువ్వాలు తీశారు. ప్రణీత్ గడ మీదుగా వంగి మంగళసూత్రం కుందన మెడ చుట్టూ తిప్పాడు. ఆ వేళ జీపు రేపిన దుమ్ము మెల్లగా కిందికి దిగుతోంది. డీఎస్పీ గారి ముక్కుపుటాలు అదిరాయి. ఆయన నోరు తెరిచి, కళ్ళు మూసి, తల వెనక్కి వాల్చారు. చిదంబరం అది చూశాడు. గట్టిమేళానికి సైగ చేసే అవధాని గారి వేలు ఇంకా లేవలేదు. లేచేదాకా ఆగలేదు చిదంబరం.

"గట్టిమేళంరా పున్నారావ్!"

సన్నాయి ఒక్కసారిగా పైస్థాయిలో లేచింది. డోలు దడదడమంది. డీఎస్పీ గారు తుమ్మారు. ఒకటి కాదు, వరసగా తుమ్మారు. టోపీ ఎగిరి జామకాయల బండిలో పడింది. కానీ ఒక్క తుమ్ము కూడా ఎవరి చెవినా పడలేదు. మూడు ముళ్ళూ పడ్డాయి. అక్షింతలు తెచ్చినవాళ్ళు లేక నాగరత్తమ్మ గవ్వలే చల్లింది.

దూది లోపలికి కూడా ఆ మేళం దూరినట్టుంది. కోటిలింగం చెవుల్లోంచి దూది పీకేసి, కళ్ళగుడ్డ నుదుటి మీదికి తోసుకుని, గడ పక్కనే చతికిలబడి విన్నాడు.

"ఎన్నాళ్ళయిందయ్యా విని!" అన్నాడు. "నువ్వు ఊదుతావని ఆపేవాణ్ణే గానీ, తుపాకి అని అనుకున్నది మొదటి రెండు మూడుసార్లే!"

చిదంబరం ఊదుతున్నాడు గనక బతికిపోయాడు కోటిలింగం. లేకపోతే ఆ రోజు పోలీసు మీద చెయ్యి చేసుకున్న కేసు కూడా నమోదయ్యేది.

బసవపున్నయ్య గడ కింది నుంచి దూరి వచ్చి చిదంబరం చేతులు పట్టుకున్నాడు. "మేళమే ఉండనీ" అన్నాడు. స్పీకరు వెనక్కి మోసుకుపోవడానికి పున్నారావు సాయం అడిగాడు.

విధానం దిగ్విజయమైందని డీఎస్పీ గారు నివేదిక పంపారు. వేరే జిల్లా వాళ్ళకు అదే నేర్పమని ఆయన్ను బదిలీ చేశారు. ఆయన వెనకే గడ పోయింది, బల్ల పోయింది. ఫ్లెక్సీని నాగరత్తమ్మ జామకాయల బండికి పైకప్పుగా కట్టుకుంది. ఇప్పుడు చిదంబరం మీసాల నీడలో జామకాయలు చల్లగా ఉంటున్నాయి.

ఆ తరవాత వచ్చిన మొదటి పెళ్ళినాడు చిదంబరం బుల్లెట్టు అడ్డరోడ్డు చేరింది. కోటిలింగం కళ్ళకు గుడ్డ లేదు, చెవుల్లో దూది లేదు. చెయ్యి అలవాటుగా సగం దాకా లేచింది. చిదంబరం కాలు బ్రేకు మీదికి పోయింది. చెయ్యి అక్కడే ఆగి, దారి చూపిస్తూ పక్కకు ఒరిగింది.

"పో పో. సన్నాయే గందా. నాకు తెలవదా?"

"మారాడు బావా మనిషి!" అన్నాడు పున్నారావు.

బండి పదిబారలు కూడా పోలేదు, వెనక ఈల వినిపించింది. చిదంబరం అద్దంలో చూశాడు. ఒక బక్కపలచని మనిషిని కోటిలింగం ఆపాడు. మూతి మీద మీసం లేదు, బండి చప్పుడు లేదు. వీపు మీద మాత్రం పొడుగాటి గోనెసంచి ఉంది.

"ఏందయ్యా వీపు మీద?"

"గొట్టాలండీ. కుళాయి పని చేసుకుంటా."

"ఆ మాట అందరూ అంటారు. ఇంత పొడుగు సంచిలో సన్నాయి కాక ఇంకేముంటది? ఊదు!"

"ఊదే గొట్టాలు కావండీ బాబూ!"

"చిదంబరం ఊదలా? వాడికంటే గొప్పోడివా? ఊదు!"

ఆ మనిషి ఒక ప్లాస్టిక్కు గొట్టం తీసి నోట్లో పెట్టుకున్నాడు. వచ్చిన చప్పుడుకు నాగరత్తమ్మ చెవులు మూసుకుంది.

చిదంబరం బండి ఆపాడు. ఆ రోడ్డు మీద అతను తనంతట తాను ఆగడం అదే మొదలు.

"బావా, ముహూర్తం!" అన్నాడు పున్నారావు డోలు గట్టిగా పట్టుకుని. "బసవపున్నయ్య చంపేస్తాడు!"

"పాపం, ఏ ఇంటికాడో కుళాయి కోసం ఎవరో కూర్చుని ఉంటార్రా. ఒక్క పల్లవి."

సంచి విప్పుకుంటూ వెనక్కి నడిచాడు. పీక తడిపి ఆనందభైరవి ఎత్తుకోగానే కోటిలింగం కళ్ళు మూసుకున్నాడు, ఈసారి గుడ్డ లేకుండానే. గొట్టాల మనిషి ఆ సందు చూసి మెల్లగా బండి ఎక్కి వెళ్ళిపోయాడు.